ఈలల మడుగు

ఆళ్లగడ్డ వైపు కుందూ నది మలుపులో ఒక మడుగుండేది. డెబ్బై ఎనిమిది నాటి మాట. పొద్దుగుంకితే అటు వెళ్లడానికి మొనగాళ్లు కూడా జంకేవారట. నీళ్లలోంచి ఈల వినబడేది — సన్నగా, పిల్లవాడు అమ్మను పిలిచినట్టు...

ఆ పిల్లవాడెవరో కూడా ఊరే తేల్చేసింది. జయరాజు కొడుకు. నిరుడు ఈతకు దిగి అక్కడే మునిగిపోయాడు. ఇప్పుడు దెయ్యమై పిలుస్తున్నాడట! కడుపుకోత మీద కారం చల్లడమంటే ఇదే.

జయరాజు ఇల్లు గట్టు పక్కనే. ఈల వినబడితే చాలు, అతని భార్య సారమ్మ లేచి నడిచేది.

"యాడికే?"

"బిడ్డోడు పిలుస్తాండాడు..."

ఒకనాడు మోకాటిలోతు దిగింది. ఇంకొక్క అడుగేస్తే గుండమే. జయరాజు రెక్క పట్టి బయటికి లాగాడు. మర్నాటి రాత్రి బ్యాటరీ లైటు తీసుకుని తానే వెళ్లి జమ్ములో నక్కాడు.

చీకటి... ఈల! వెంటనే ఇంకొకటి, దగ్గరగా. నీళ్లు చీలాయి. రాతి మీదికి చిన్న చేతులు పాకాయి. లైటు వేశాడు —

నీటికుక్క! రాతి మీద చేపను పెట్టి, ఈల వేసి పిల్లల్ని పిలుస్తోంది.

జయరాజు ఏడ్చేశాడు. సారమ్మను తీసుకొచ్చి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. "తల్లి పిలుస్తాంది... పిల్లోల్లు వస్తాండారు" అంది. ఆనాటి నుంచి గట్టు మీదే కూర్చుని వినేది. ఇంటికొచ్చి కడుపునిండా తినేది.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కొడుకును దెయ్యమన్న నోళ్లు మూయించాలని జయరాజు టీ అంగట్లో అంతా చెప్పేశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుంది కదా.

"దెయ్యం ల్యాదా? అయితే చేపలన్నీ మనయే ల్యాప్పా!" అన్నాడు చేపలు పట్టే మత్తయి.

ఇన్నాళ్లూ ఆ మడుగును కాసింది భయమే. అది పోయిందో లేదో, పత్తికి కొట్టే ఎండ్రిన్ నీళ్లలో పోశారు. చేపలు వెల్లకిలా తేలితే గంపలకెత్తుకున్నారు. ఆ చేపల్నే తిని తల్లీ పిల్లలూ జమ్ములో బిగుసుకుపోయాయి. తోలు పనికొస్తుందని వాటినీ ఎవరో వలుచుకుపోయారు. ఏం మనుషులమో!

ఆ వారమంతా మడుగులో చప్పుడు లేదు. సారమ్మ ముద్ద ముట్టలేదు.

ఒక రాత్రి... ఈల!

జయరాజు దిగ్గున లేచాడు. ఒక్క పిల్లయినా బతికిందా! పక్కకైనా చూడకుండా ఉరికాడు. మడుగులోకి లైటు వేశాడు —

గొంతుదాకా నీళ్లలో సారమ్మ. నోరు సున్నాలా చుట్టి ఈల వేస్తోంది.

"అరవొద్దు..." అంది గుసగుసగా. "పిల్లోల్లు బెదురుతారు. పిలుస్తాండా."