ముఖాలు రాని పుస్తకం

ఉత్తర చదువుతున్న పుస్తకంలో ఈసారి కూడా ఎవరికీ ముఖాలు లేవు.

నరహరి తన నుదుటి మీది పోలికపట్టీని తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తేడా ఏమీ కనిపించలేదు. కథలో పిన్ని వంటింట్లోంచి వచ్చి పిల్ల జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోతోంది. చీర ఉంది, గాజులున్నాయి, కొప్పు ఉంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఉడకబెట్టి ఒలిచిన గుడ్డులా నున్నటి తెలుపు. ఏడుస్తున్న పిల్లకూ అంతే. ఏడుపు వినిపిస్తోంది గాని ఏడ్చే కళ్ళు లేవు.

బందరు పట్నంలో కింది అంతస్తులన్నీ సముద్రానికి వదిలేసి జనం పైకి జరిగి చాలాకాలమైంది. బడి కూడా పైనే. కిటికీ కింద పోటు నీళ్ళు గోడలకు కొట్టుకుంటూ ఉంటే, ఏడో తరగతి పిల్లలు జంటచదువు గదుల్లో కూర్చుని ఏడుస్తూ ఉంటారు. ఏడవడం అక్కడ పాఠంలో భాగం.

పోలికపట్టీ వచ్చాకే జనం మళ్ళీ పుస్తకాలు పట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. అంతకు ముందు కష్టాల పుస్తకం అంటే ఆమడ దూరం పోయేవారు, మాకున్న ఏడుపులు చాలవా అనేవారు. పట్టీ ఆ ఆట కట్టించింది. దాన్ని నుదుటికి తగిలించుకుని చదివితే, కథలోని మనుషులకు చదివేవాళ్ళ జ్ఞాపకాల్లోంచే ముఖాలు వచ్చి అతుక్కుంటాయి. తల్లి అంటే మీ తల్లి. దొంగ అంటే మీకు పడని పొరుగువాడు. దెబ్బలు తినే పిల్లకు మీ చెల్లెలి ముఖం వచ్చాక పుస్తకం మూయడం ఎవరి తరం? సుఖంగా పెరిగే పిల్లలకు కరుణ నేర్పడానికి ఇంతకు మించిన మార్గం లేదని పెద్దలు తీర్మానించి, ఏడో తరగతిలో ఒక కష్టాల పుస్తకం తప్పనిసరి చేశారు. పసివాళ్ళు బెంబేలెత్తకుండా పక్కన ఒక పెద్దమనిషి రెండో పట్టీ పెట్టుకుని కూర్చుంటాడు. పిల్ల చూసేదంతా అతనికీ కనిపిస్తుంది. ఆ మనిషిని చదువుతోడు అంటారు. నరహరి ఆ పనిలో ఉన్నాడు.

మంచి పేరున్న చదువుతోడు. ఆయన పక్కనుంటే ఎంత ఏడ్చినా భయం వేయదని పిల్లలే చెప్పేవారు. ఆయన కూడా వాళ్ళతో పాటు ఏడ్చేవాడు, అందులో నటన ఏమీ లేదు. ఆ ఏడాది పుస్తకం ‘సున్నపు గది’. తల్లి లేని బుల్లెమ్మను పిన్ని చీటికీమాటికీ కొట్టి సున్నపు గదిలో పెట్టి గడియ వేస్తుంది. గోడ అవతల పంతులుగారు ఒకాయన ఉంటాడు. పిల్ల ఏడుపు వినపడగానే ఆయన పురాణం గొంతెత్తి చదువుతాడు, పురాణంలోని పిల్లవాడి కష్టానికి కళ్ళు తుడుచుకుంటాడు. బుల్లెమ్మ ఎవరి సాయమూ లేకుండానే బతికి బట్టకట్టి పెద్దదవుతుంది. నరహరి ఒంటరిగా చదివినప్పుడు బుల్లెమ్మకు చిన్నప్పటి ఫోటోలోని తన ముఖమే వచ్చింది. చదువుతోడుల సభలో ఆ సంగతి చెప్పి మరీ ఏడ్చాడు.

ముఖాలు రాకపోతే దానికి పరాకు అని పేరు. మనసు పెట్టి చదవని పిల్లలకు ముఖాలు రావని తర్ఫీదులో నేర్పారు. మందు కూడా వాళ్ళే చెప్పారు, మళ్ళీ చదివించడం. ఉత్తర చేత అప్పటికి రెండుసార్లు చదివించాడు. ప్రతిసారీ పరాకు అని ఇంటికి కబురు పంపాడు.

ఉత్తర వాళ్ళది నరహరి వాళ్ళ పై ఇల్లే. అమ్మానాన్నలు ఉప్పెనలో పోతే మేనత్త ఇందుమతి తెచ్చి పెంచుతోంది. మాట్లాడని పిల్ల, లిఫ్టులో కనిపిస్తే తల దించుకుని మూలకు నిలబడుతుంది. అలాంటి పిల్ల ఆ రోజు పుస్తకంలోంచి తలెత్తింది.

"సార్, పంతులుగారికి ఏడుపు వినపడుద్ది కదా. మరి ఎందుకు రాడు?"

నరహరికి సంతోషం వేసింది. పరాకు వదులుతోందనుకున్నాడు. తల నిమిరి, నిదానంగా చెప్పాడు. "ఆ కాలం అలాంటిదమ్మా. అప్పటి జనానికి ఇంకొకళ్ళ బాధ తెలిసేది కాదు. మనకి తెలియాలనే ఇవన్నీ చదువుతున్నాం."

ఉత్తర ఆయన్ని కాసేపు చూసింది. సరే సార్ అంది. ఇంకోసారి మొదటినుంచి చదువు, మిగిలింది ఇంటి దగ్గర పూర్తి చెయ్యి అని ఆయన చెప్పాడు. సాయంత్రం ఇంటికి మళ్ళీ కబురు పంపాడు.

సొంత పిల్లలతో చదువుతోడు బడిలో కూర్చోకూడదని నియమం. అందుకని నరహరి కూతురు సావేరి జంటచదువు ఇంట్లోనే చేయాలి. గడువు మర్నాటితో సరి. ఆ రాత్రి బల్ల మీద రెండు పట్టీలూ పెట్టుకుని పిలిస్తే సావేరి రానంది. అమ్మ వచ్చాక చదువుతానంది. వాళ్ళమ్మ ప్రసూన సముద్రపు కట్ట దగ్గర నీళ్ళు తోడే కేంద్రంలో ఉద్యోగం చేస్తుంది, ఆదివారం గాని రాదు. నరహరికి చురుక్కుమంది. ఊళ్ళో పిల్లలంతా నా పక్కన కూర్చుంటామని పోటీ పడుతుంటే కన్నకూతురు వద్దంటుందా అని నొచ్చుకున్నాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు. పుస్తకానికి భయపడితే ఎలా అని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. చివరికి సావేరి పట్టీ తీసుకుంది.

"సరే. నువ్వే అడిగావు," అంది.

మొదటి పేజీలు మామూలుగానే నడిచాయి. తర్వాత పిన్ని వంటింట్లోంచి వచ్చింది. ఎర్రరాయి ముక్కుపుడకతో సహా పై ఇంటి ఇందుమతి ముఖం. బుల్లెమ్మకు ఉత్తర ముఖం. సున్నపు గది గడియ పడింది. ఏడుపు మొదలైంది. గోడ అవతల పంతులుగారు పీట మీద కూర్చుని పురాణం చదువుకుంటున్నాడు. ఏడుపు పెరిగిన కొద్దీ గొంతు పెంచుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు, పేజీ తిప్పుతున్నాడు. పేజీ తిప్పి తలెత్తాడు.

అది నరహరి ముఖం.

పట్టీ లాగేశాడు. సావేరి అప్పటికే తన పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తేలుకుట్టిన దొంగలా కూర్చోవలసింది ఆయన. అలా కూర్చున్నది ఆ పిల్ల.

"నీ ముఖం నేను పెట్టలా నాన్నా," అంది. "మొన్న ఊరికే చదివి చూద్దామనుకున్నా, అదే వచ్చింది. నువ్వు చూడకూడదనే అమ్మ కోసం ఆగా."

ఉత్తర నీతో ఏమైనా చెప్పిందా అని అడిగాడు. అడగవలసిన ప్రశ్న అది కాదని ఆయనకూ తెలుసు.

"చెప్పక్కర్లా. నా గది వాళ్ళ గది కిందే. నీకూ వినపడుద్ది. వినపడినప్పుడల్లా నువ్వు తెర పెంచుతావు."

తెర అంటే నాదతెర. ప్రతి ఇంటి గోడలోనూ ఉంటుంది, మీట నొక్కితే బయటి చప్పుడు గోడ దగ్గరే ఆగిపోతుంది. సముద్రపు హోరు ఆపడానికి పెట్టారు. నరహరి దాన్ని దేనికి వాడుతున్నాడో ఇప్పుడు కూతురు చెప్పింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. వినపడలేదని అబద్ధమాడటానికి కూడా లేదు. కుర్చీ జరిగిన చప్పుడు, దాని వెనకే సన్నటి ఏడుపు, అది హఠాత్తుగా ఆగిపోవడం, అన్నీ విన్నాడు. ప్రసూన ఒకటి రెండుసార్లు అడగబోతే, ఇందుమతిగారు మర్యాదస్తురాలు, ఆదివారం చదువు సభ నడిపే మనిషి, పిల్లల్ని భయం చెప్పకుండా పెంచుతారా, మనకెందుకు అని తేల్చేశాడు. తేల్చేసి, తెర పెంచుకుని, మర్నాటి పాఠం కోసం బుల్లెమ్మ కష్టం చదువుకుని ఏడ్చాడు. పట్టీ ఏనాడూ ఆయన ముఖాన్ని పంతులుకు పెట్టలేదు. చదివేవాడి జ్ఞాపకంలో తన ముఖం ఎప్పుడూ మంచివాడి ముఖమే. ఈ లోపం పట్టీ చేసినవాళ్ళకు తట్టలేదు, వాళ్ళు కూడా పట్టీలు పెట్టుకుని చదివేవాళ్ళే కదా.

కాసేపటికి రెండో సంగతి వచ్చి మీద పడింది, అది మొదటిదానికంటే బరువైనది. ఉత్తరకు ముఖాలు రాకపోవడం పరాకు కాదు. ఆ పిల్ల ప్రాణం పెట్టి చదివింది. ఆ ముఖాలు వస్తే చూసే శక్తి లేదు గనక మనసు వాటిని లోపలికి రానివ్వలేదు. ఇంట్లో పడుతున్నది చాలదన్నట్టు బడిలో కూర్చోబెట్టి మళ్ళీ పడేలా చేశాడు, మళ్ళీ మళ్ళీ, తల నిమిరి మరీ. ఎందుకు రాడు సార్ అని ఆ పిల్ల అడిగింది కథలో పంతుల్ని గురించి కాదు. ఆయన్ని గురించి ఆయన ముఖానే అడిగింది. ఆయన కాలం మీద నెట్టేశాడు. సిగ్గుతో కూతురి వైపు చూడలేకపోయాడు.

అప్పటికీ కాళ్ళు వెంటనే కదల్లేదు. రేపు బడి పెద్ద పంతులమ్మగారికి చెబుదామనుకున్నాడు. ప్రసూన వచ్చాక ఇద్దరం కలిసి వెళదామనుకున్నాడు. ఇలాంటి మాటలు మనిషికి ఎంత తొందరగా దొరుకుతాయో. సావేరి చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఇక తప్పక లేచాడు.

ఇందుమతి తలుపు తీసి నవ్వుతూ లోపలికి రమ్మంది, కాఫీ తీసుకుంటారా అంది. ఇల్లు అద్దంలా ఉంది. ఉత్తరను ఒకసారి చూసి వెళదామని వచ్చానన్నాడు. సావేరి మెట్ల మీదే ఆగిపోయింది.

"మీ కబురు చూశాను మాస్టారూ," అంది ఇందుమతి. "మళ్ళీ పరాకేనంట. ఆదివారం సభ నడిపేదాన్ని, నాకు మాత్రం సిగ్గు కాదా అండీ? అందుకే ముఖాలు వచ్చేదాకా గదిలోంచి రావద్దన్నా. అన్నం కూడా ఆ తర్వాతే."

ఆమె చెప్పుకుపోతూనే ఉంది. బుల్లెమ్మను తలుచుకుంటే తనకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుందట. పిన్నికి తన చిన్నప్పటి లెక్కల టీచరు ముఖం వస్తుందట, ఆ రాక్షసి అచ్చం అలాగే ఉండేదట. చెబుతుంటే ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

గది తలుపు బయటి గడియ వేసి ఉంది. నరహరి తీశాడు. అరే, మీరే కదండీ మళ్ళీ చదివించమంది అని ఇందుమతి వెనకనుంచి అంటోంది.

ఉత్తర నేల మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడి, జాకెట్టు చేతులు మణికట్ల దాకా లాక్కుంది. నుదుటి మీద పట్టీ బిగించి చాలాసేపు అయినట్టుంది, చుట్టూ చర్మం ఎర్రగా కమిలింది. పాఠం అప్పజెప్పించుకోవడానికి వచ్చాడనుకుంది.

"ఇంకా అవలా సార్. ముఖాలు రావట్లా," అంది. "వచ్చేదాకా చదువుతా. ఇంటికి రాయొద్దు సార్."

చదవక్కర్లేదమ్మా, తప్పు నీది కాదు అన్నాడు నరహరి. ఆ పిల్ల నమ్మలేదు. అత్త వైపు చూసింది, తెరిచి ఉన్న పేజీలో వేలు అలాగే ఉంచుకుంది. ఆయన తలుపు మూయడానికి వీల్లేకుండా గడప మీద కూలబడి, జేబులోంచి ఫోను తీసి పిల్లల రక్షణ వాళ్ళను పిలిచాడు. ఇందుమతి మొదట నవ్వింది, తర్వాత గొంతు పెంచింది, మీ ఉద్యోగం ఏమవుతుందో చూసుకోండి అంది. ఆయన ఇంటి గుర్తు చెప్పాడు, తన పేరు చెప్పాడు. అవతలి ఆమె నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంటోంది. పిల్లకు మీరేమవుతారు అంది. చదువుతోడునండీ అన్నాడు.

"ఇది మీకు ఎప్పటినుంచి తెలుసండీ?"

ఇవాళే తెలిసింది అనవచ్చు. పట్టీ చూపించింది అనవచ్చు. అది వినడానికి బాగుంటుంది, అందరూ మెచ్చుకుంటారు కూడా. కాని ఉత్తర వింటోంది.

"మేము కింది ఇంట్లో దిగినప్పటి నుంచీ వినపడుతూనే ఉందండీ," అన్నాడు.

ఉత్తర తలెత్తి ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండుననుకున్నాడు, కోపం లేదు. ఎప్పుడో తెలిసిన సంగతి పెద్దవాళ్ళ నోట విన్నట్టు ఊరికే చూసింది.

మా మనుషులు బయలుదేరారు, వాళ్ళు వచ్చేదాకా పిల్లను మీ దగ్గరే ఉంచుకోండి అని చెప్పి అవతలి ఆమె ఫోను పెట్టేసింది. ఉత్తర పట్టీ తీసి పుస్తకం మీద పెట్టింది. పుస్తకం నేల మీద పెట్టింది. నరహరి గడప మీంచి లేవకుండానే చెయ్యి చాపి, రా అమ్మా, మా ఇంటికి పోదాం అన్నాడు. ఆ పిల్ల చేతి వంక చూసింది. తర్వాత గోడకు ఆనుకుని, పావడా అంచు కూడా ఆయనకు తగలకుండా ఒళ్ళు దగ్గరకు ముడుచుకుని, గడప దాటి వెళ్ళి మెట్ల మీదున్న సావేరి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కిందికి దిగిపోయారు. నరహరి చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.