ఆఖరి జత తీగలు

ఆ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్‌మేన్‌కి ఆ రోజుతో పని సరి. సెల్‌ఫోన్లు వచ్చాక తీగ ఫోన్లను పట్టించుకునే నాథుడే లేడు. సాయంత్రం ఐదింటికి కరెంటు తీసేసి బిల్డింగుకి తాళం వేస్తారు. ఆలోగా పై అంతస్తులో మిగిలిన తీగలన్నీ కోసి పడేయాలి. ఒక్కో ఇంటి ఫోనుకీ ఒక జత. ముందు టెస్టింగ్ ఫోన్ క్లిప్పులు ఆ జతకి తగిలించి "హలో" అనాలి. ఎవరూ పలక్కపోతే కట్టర్‌తో కత్తిరించాలి.

పొద్దుట్నించీ ఎవరూ పలకలేదు.

కిటికీలు లేని గది. పాత బ్యాటరీల పులిసిన వాసన. గోడ అవతల యంత్రాల రొద, ఎడతెరిపి లేకుండా. తెగిన తీగలు చీలమండల దాకా పేరుకుని, అడుగేస్తే కాళ్లకి చుట్టుకుంటున్నాయి.

నాలుగున్నరకి ఒక్క జతే మిగిలింది. కావాలనే చివరికి ఉంచాడు. అది వాళ్లక్క ఇంటిది.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఆమెకి ఉబ్బసం. తొమ్మిదేళ్ల కిందట ఆమె ఫోన్ మూగబోయింది. "ఊరందరి ఫోన్లూ బాగుచేస్తావు, నాది నీ కంటికి ఆనదట్రా?" అని నవ్వుతూ అడిగింది. "రేపొస్తాలే అక్కా," అన్నాడు. రేపు, రేపు అంటూనే మూడు రోజులు దాటించాడు. నాలుగోరోజు వెళ్లేసరికి ఆమె నేలమీద పడి ఉంది. రిసీవర్ గుప్పిట్లో బిగుసుకుపోయి ఉంది. ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది అతనే.

క్లిప్పులు తగిలించాడు.

"హలో."

గరగర... ఆ తర్వాత ఊపిరి. సన్నగా, ఈలగా, కష్టంగా.

"తమ్ముడూ... లైన్ వచ్చిందిరా?"

కట్టర్ చేతిలోంచి జారిపోయింది. "అక్కా..."

"ఎప్పట్నించి చేస్తున్నానురా... ఎవరూ ఎత్తరేం? ఆయాసం ఆగట్లేదు. ఆస్పత్రికి కలుపు నాన్నా."

ఇదెలా జరుగుతోందని అతను ఆలోచించలేదు. ఈ ఒక్క మాట కోసం తొమ్మిదేళ్లు దిండు తడిపిన మనిషి. ఆస్పత్రి జత కోసం పైకి చూశాడు.

దాన్ని పొద్దున్నే కోసేశాడు.

బెత్తెడు మొదలు మాత్రం ఇనప చట్రానికి వేలాడుతోంది. మోకాళ్ల మీద పడి కుప్పలోంచి ఓ పొడుగు ముక్క లాగాడు. పళ్లతో తొక్క వలిచాడు. రాగి చిగుళ్లలో దిగింది. నోరంతా ఉప్పగా నెత్తురు.

"ఓపిక పట్టక్కా... అయిపోయింది... ఇదిగో, అయిపోయింది..."

అవతల ఈల సన్నబడుతోంది.

తాళం వేయడానికొచ్చిన ఇంజనీరు మేడమ్ కింద నుంచి కేకేసింది. "ఐదైంది! కరెంటు తీసేస్తున్నా, దిగి రండి!"

"వద్దు మేడమ్! రెండే నిమిషాలు! మీ కాళ్లు పట్టుకుంటా!"

ముక్క ఒక కొస అక్క జతకి చుట్టి, రెండో కొస ఆస్పత్రి మొదలుకి ముడేశాడు. ముడి జారింది. మళ్లీ వేశాడు. పడింది.

అవతల రింగు. ఒకటి... రెండు...

దీపాలు ఆరిపోయాయి. గోడ అవతలి రొద కూడా ఆగిపోయింది. ఎక్స్ఛేంజి మొత్తం చచ్చిపోయింది.

రింగు మాత్రం ఆగలేదు.

ఎవరో ఎత్తారు. "ఆస్పత్రి. చెప్పండి."

అతను నోరు తెరిచేలోగా అక్కే అందుకుంది. ఈసారి ఆయాసం లేదు. గొంతు తేటగా ఉంది.

"మా తమ్ముడికి బాగాలేదండీ. ఊపిరి ఆడట్లేదు."

"కాదక్కా... నీకు... నీకు కదా..." అనబోయాడు. గొంతులోంచి మాటకి బదులు సన్నగా ఈల ఒకటి వచ్చింది.

"ఇప్పుడెలా ఉన్నాడమ్మా?"

"ఉండండి. చూసొచ్చి చెప్తా."

రిసీవర్ బల్లమీద పెట్టిన చప్పుడు. చెప్పులు ఈడుస్తూ నడక... దూరమై... దూరమై... ఫోన్లో వినబడకుండా పోయింది.

కాసేపటికి అదే నడక ఎక్స్ఛేంజి మెట్ల మీద వినబడింది.

"మేడమ్... మీరేనా?" అని గుసగుసలాడాడు.

చెప్పులు మెట్లెక్కుతూనే ఉన్నాయి. చెవి దగ్గర ఆస్పత్రి గొంతు మెల్లగా అంది.

"తొందరేం లేదమ్మా. మేం లైన్లోనే ఉంటాం."