నూట నలభై సెంటీమీటర్ల తలుపు

"గోల్డ్!"

స్పీకర్‌లో డిజైనర్ మేస్త్రి గొంతు వినిపించగానే గేమ్ స్టూడియో నాలుగో అంతస్తు మొత్తం లేచి నిలబడింది. గోల్డ్ అంటే గేమ్ పూర్తయినట్టు. ఇక ఒక్క గీత కూడా మార్చడానికి వీల్లేదు, డిస్కులు అచ్చుకు వెళ్ళిపోతాయి. తెల్ల గ్లౌజుల గూఢచారి సినిమాలు నాలుగొచ్చాయి, నాలుగూ ఆడాయి. ఆ నాలుగోదాన్ని వీడియో గేమ్‌గా మార్చడానికి రెండున్నరేళ్ళ చాకిరీ పట్టింది. ఎవరో కుర్చీ ఎక్కి గంతులేశారు. ఎవరో కేకు కోయకముందే వేలుపెట్టి నాకేశారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు టెస్టింగ్ విభాగంలో మూడో వరుసలో కూర్చునే గోడలాయన. గేమ్‌లో హీరోని ప్రతి గోడకీ గుద్దించి, ఎక్కడైనా గోడలోకి దూరిపోతున్నాడేమో చూడటం అతని పని. అందుకే ఆ పేరు. అసలు పని వేరు. ప్రభుత్వ గూఢచారి సంస్థలో అతను ఏజెంట్ 11. విదేశీ ఆయుధాల ముఠా ఒకటి ఈ స్టూడియోని అడ్డం పెట్టుకుని ఏదో చేస్తోందని ఉప్పందింది. ఆ ఏదో ఏమిటో తేల్చడానికి నెల క్రితం ఇక్కడ చేరాడు. అప్పటికి పెళ్ళయి సరిగ్గా పదిహేను రోజులు.

చప్పట్లకి కారణం కూడా అదే. గేమ్ పూర్తయితే సెలవు, సెలవిస్తే కర్టెన్లు. కొత్త కాపురం పెట్టిన ఇంట్లో ఆరు కిటికీలున్నాయి. ఒక్కదానికీ కర్టెన్ లేదు. రోజూ పొద్దున సూర్యుడు పిలవని చుట్టంలా నేరుగా మంచం మీదికే వచ్చి కూర్చుంటున్నాడు. ఇవాళ బయల్దేరుతుంటే వాళ్ళావిడ అతని చొక్కా జేబులో స్టీలు కొలతల టేపు పెట్టింది. "ఈవేళైనా షాపుకెళ్ళండి. వాళ్ళ టేపు నమ్మొద్దు, మనదే వాడండి" అంది. టేపుకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పొద్దుట్నుంచి ఊరికే దాన్ని నాలుగుసార్లు తడుముకున్నాడు.

ఐదోసారి తడుముకుంటుండగా చూశాడు, పక్క సీట్లో పెద్ద టెస్టరు చప్పట్లు కొట్టడంలేదు.

పెద్ద టెస్టరంటే అతనికి ప్రాణం. చేరిన రోజునే, "కొత్తగా పెళ్ళయిందా తమ్ముడూ? ముందు కర్టెన్లు కొను, సోఫా తర్వాత" అని సలహా ఇచ్చిన మనిషి. ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్క్రీన్ వైపు తిరిగి కదలకుండా కూర్చున్నాడు.

"అన్నా, గోల్డ్ అయింది! లే!" అంటూ భుజం మీద చెయ్యేశాడు.

తల ముందుకు వాలిపోయింది. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట బియ్యపుగింజంత రంధ్రం. దాన్లోంచి సన్నటి నెత్తుటి ధార కాలరు కిందికి దిగి, వీపంతా పాకింది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది.

గోడలాయన కేక వేయలేదు. కళ్ళు మాత్రం మండాయి. చనిపోయినవాడి చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. స్క్రీన్ మీద సగం రాసిన బగ్ రిపోర్టు కనిపించింది.

"లెవల్ 9. మూడో అంతస్తు, ఎడమ మూల. పదిహేడుసార్లు గెంతితే హీరో నేల చీల్చుకుని కింద పడుతున్నాడు. కింద ఏదో"

అక్కడితో ఆగిపోయింది.

సినిమాలో లేని లెవల్ అది. అందులో హీరో ఒక కాసినోలోకి వెనక మెట్లమీదుగా చొరబడి, పెద్ద హాల్లో ఎత్తుగా కూర్చున్న మనిషిని చంపాలి. సినిమాలో లేనిది గేమ్‌లో ఎందుకని ఎవరో అడిగితే, "ఉన్నదే చూపిస్తే జనం మళ్ళీ ఎందుకు కొంటారు?" అన్నాడు మేస్త్రి. ఆయన లెవల్ డిజైనర్. గేమ్‌లో భవనాలన్నీ ఆయన కట్టినవే, అందుకే మేస్త్రి అంటారు. సబబుగానే ఉందని అందరూ ఊరుకున్నారు.

గోడలాయన తన సీట్లో కూర్చుని లెవల్ 9 తెరిచాడు. ఎడమ మూలకెళ్ళి గెంతడం మొదలెట్టాడు. వెనక కేకు పంచుతున్నారు. పదిహేను. పదహారు. పదిహేడు.

హీరో నేలలోంచి జారి శూన్యంలో పడ్డాడు. గోడలాయన కెమెరాని పైకి తిప్పాడు.

లెవల్ అడుగున పెద్ద నీలం నక్షా అతికించి ఉంది. భవనం కట్టేటప్పుడు డిజైనర్లు అసలు నక్షాని కింద పరుచుకుని దానిమీద గోడలు లేపుతారు. పనయ్యాక తీసేయాలి. ఇల్లు కట్టి పరంజా తీయడం మరిచిపోయినట్టు మేస్త్రి దాన్ని వదిలేశాడు. నేల కింద ఎవడు చూస్తాడులే అనుకున్నాడు. నక్షా మూలన ముద్ర స్పష్టంగా ఉంది. ప్రధాన న్యాయస్థానం, మూడో అంతస్తు, రెండో హాలు.

కాసినో కాదు. కోర్టు.

రెండో హాల్లో ఇవాళ పదకొండింటికి ఒక న్యాయమూర్తి తీర్పు చదవబోతోంది. ఆరేళ్ళ విచారణ, ముప్ఫైమంది సాక్షులు, వాళ్ళలో పదకొండుమంది శవాలు. ముద్దాయి ఆ ఆయుధాల ముఠాయే. లెవల్ 9 మొదలయ్యేది కూడా గోడ గడియారంలో పదకొండు కొట్టినప్పుడే. ఈ లెవల్ ఆడి చూడటానికని విదేశం నుంచి తెప్పించిన నలుగురు బయటి టెస్టర్లు నెలరోజులుగా ఇంకేదీ ఆడలేదు. గోల్డ్ అయిందన్న మెయిలు ఇందాక అందరితోపాటు వాళ్ళకీ వెళ్ళింది.

శుభవార్త కాదది. చంపమన్న ఆర్డరు.

టైం పది ఇరవై రెండు.

నక్షాలో ఒక అంకె దగ్గర అతని చూపు ఆగింది. వెనక తలుపు, వెడల్పు ఎనభై సెంటీమీటర్లు. గేమ్‌లో ఆ తలుపు అంత ఇరుకు కాదే! అప్పుడు గుర్తొచ్చింది. చేరిన మొదటి వారంలోనే అతను ఒక బగ్ రాశాడు: "వెనక తలుపులో కెమెరా ఇరుక్కుంటోంది." గేమ్‌లో కెమెరా హీరో వీపు వెనక గాల్లో తేలుతూ వస్తుంది. తలుపు ఇరుకైతే గోడలో దూరిపోతుంది. మర్నాడే మేస్త్రి జవాబిచ్చాడు: "సరిచేశాను. 140." తన పనికి వంక పెడితే ఆయనకి అన్నం సహించదు.

గోడలాయన ఫోన్ తీశాడు.

"హలో, కర్టెన్ల షాపా?"

"చెప్పండి సార్." సంస్థ చీఫ్ గొంతు.

"రెండో హాల్లో తెర దించేస్తున్నారు. పదకొండింటికి. నలుగురు పనివాళ్ళు."

"మా మనుషులు రావడానికి నలభై ఐదు నిమిషాలు పడుతుంది."

"ఓనరమ్మకి కబురు పంపండి."

"కాపలావాళ్ళలో ఎవడు ఎవడి మనిషో తెలీదు. చెబితే మనమే ఆవిణ్ణి వాళ్ళ చేతిలో పెట్టినట్టు. మీరే వెళ్ళాలి. కింద చుక్కల మేడం ఉంది, తీసుకెళ్ళండి."

"ఆవిడ వాళ్ళ మనిషి కదా!"

"వాళ్ళూ అలాగే అనుకుంటున్నారు" అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

కింది అంతస్తులో మనుషుల కదలికల్ని రికార్డు చేసే హాలుంది. నల్ల డ్రెస్సు మీద తెల్ల చుక్కలు అంటించుకుని నటులు పరిగెడితే, చుట్టూ ఉన్న కెమెరాలు ఆ చుక్కల్ని పట్టుకుని గేమ్ బొమ్మలకి నడక ఇస్తాయి. సినిమాలో హీరోయిన్‌కి డూప్‌గా చేసిన అందగత్తే ఇక్కడ చుక్కల మేడం. ఆమె నడిచొస్తుంటే కెమెరాలు చుక్కల్ని లెక్కపెట్టడం మరిచిపోతాయని స్టూడియోలో జోకు.

గోడలాయన తలుపు తోసేసరికి ఆమె హాలు మధ్యలో నిలబడి ఉంది. చేతిలో పిస్టల్. గురి అతని గుండెకి.

"రావయ్యా గోడలాయనా" అంటూ తలుపు చాటునుంచి మేస్త్రి బయటికొచ్చాడు. చేతిలో జానెడు ఇనప ఊచ, కొసన ఎర్రటి తడి. "గోడలు చూడమంటే నేల కింద చూశావేం? టెస్టర్ల స్క్రీన్లన్నీ నాకు కనిపిస్తాయి."

"పెద్దాయన్ని ఎందుకు చంపావు?"

"ఆయనా చూశాడు కాబట్టి."

ఊచ మెరిసింది. గోడలాయన పక్కకి తిరిగాడు కానీ చాల్లేదు. ఊచ ఎడమ చేతి కండలో దిగి అవతలికొచ్చింది. నొప్పి నెత్తికెక్కింది. ఊచ కండలో ఉండగానే ముందుకు దూకి, నుదుటితో మేస్త్రి ముక్కు మీద కొట్టాడు. ఎముక చిట్లిన చప్పుడు. ఇద్దరూ లైటు స్టాండు మీద పడ్డారు. అద్దాలు పగిలి ఒంటినిండా గుచ్చుకున్నాయి. మేస్త్రి కేబుల్ అందుకుని అతని గొంతుకి చుట్టి బిగించాడు. కళ్ళముందు నిజంగానే చుక్కలు కనిపించాయి.

"మేడం, కాల్చు!" అరిచాడు మేస్త్రి.

"అలాగే" అందామె.

తూటా మేస్త్రి మోకాలి చిప్పని ముక్కలు చేసింది. కేబుల్ సడలింది. గోడలాయన తిరిగి మేస్త్రి తలని నేలకేసి కొట్టాడు. పెద్ద టెస్టరు కోసం మరోసారి కొట్టాడు.

మేస్త్రి నెత్తురు కక్కుతూ నవ్వాడు. "నాలుగువందలసార్లు ఆడారు వాళ్ళు. కళ్ళు మూసుకుని కూడా చేసేస్తారు."

"మూసుకునే చెయ్యాలని మొక్కుకుంటా" అన్నాడు గోడలాయన, పళ్ళు బిగించి ఊచ పీకేసుకుంటూ.

మేడం తన స్కార్ఫుతో అతని చేతికి కట్టు కట్టింది. "ఆ నలుగురికీ పరుగు నేర్పింది నేనే. ఇద్దరిద్దరు, భుజానికి భుజం ఆనించి. వేగం తగ్గకుండా."

అతనికి నవ్వాగలేదు. "అయితే మేడం, సగం పని మీరు చేసేశారు. మిగతా సగం నేను తెలీకుండా చేశాను."

ఆమె మోటార్‌సైకిల్ కోర్టు వెనక ఆగేసరికి పది యాభై ఐదు. వెనక మెట్లు, రెండో అంతస్తు మలుపు దగ్గర ఫ్యూజుల గది. మేడం అందులో దాక్కుంది. గోడలాయన మూడో అంతస్తు ఎక్కి ఆ తలుపు ముందు నిలబడ్డాడు. లోపల నాలుగడుగుల నడవా. దాని చివర తెరిచున్న గుమ్మంలోంచి న్యాయమూర్తి వీపు, తెల్లబడిన జడముడి కనిపిస్తున్నాయి. ఆమె అప్పుడే కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం చేతిలోకి తీసుకుంది.

అతను జేబులోంచి ఎర్ర రిబ్బను టేపు తీసి తలుపు కొలిచాడు.

ఎనభై.

పెళ్ళికి ముందు ఆవిడ రాసిన మొదటి ఉత్తరం చదివినప్పుడు కూడా ఇంత సంతోషం వేయలేదు. తలుపు బార్లా తెరిచి, నడవా గోడకి ఆనుకుని, వెంట తెచ్చుకున్న సంచిలోంచి గేమ్ కంట్రోలర్ తీశాడు. సంస్థ వర్క్‌షాపువాళ్ళ తయారీ అది. చూడ్డానికి ఆటసామానే, కానీ లోపల రెండు తూటాలు. "రెండే. మూడోది అడగొద్దు" అని ముందే చెప్పారు.

గడియారం పదకొండు కొట్టింది.

మెట్లమీద ఎనిమిది బూట్ల చప్పుడు ఒక్క తాళంలో వచ్చింది. కరెంటు పనివాళ్ళ డ్రెస్సులు, చేతుల్లో పొట్టి తుపాకులు. ముందు ఇద్దరు భుజానికి భుజం ఆనించి, తలుపు వైపు చూడనైనా చూడకుండా, నాలుగువందలసార్లు దూరినట్టే దూరారు.

రెండు భుజాలూ గుమ్మానికి రెండువైపులా ఢీకొని ఇరుక్కున్నాయి. ఎముక విరిగిన చప్పుడు. వెనక ఇద్దరూ వేగం ఆపుకోలేక వాళ్ళ వీపుల మీద పడ్డారు. నలుగురి మొహాల్లోనూ ఒకే ప్రశ్న: ఇక్కడ ఖాళీ ఉండాలి కదా?

గోడలాయన కంట్రోలర్ నొక్కాడు. కుడివైపువాడి గొంతులోంచి నెత్తురు చిమ్మి గుమ్మం తడిసింది. రెండో తూటా ఎడమవాడి పక్కటెముకల్లో దిగింది. కింద మేడం పిస్టల్ మోగింది. మూడోవాడు దొర్లుతూ మెట్లు దిగాడు. నాలుగోవాడు బెదిరి, గోడకున్న ఎర్ర సిలిండర్ని కాల్చాడు. గేమ్‌లో ఎర్రగా ఉన్నదేదైనా కాలిస్తే పేలి గోడ కూలుతుంది మరి! ఇక్కడది మంటలార్పే సిలిండరు. తెల్లటి పొడి బుస్సుమని వాడి కళ్ళనిండా కొట్టింది. మేడం రెండో తూటా వాణ్ణి వెతుక్కోనక్కర్లేకపోయింది.

అయిపోయిందనుకున్నాడు గోడలాయన. పక్కటెముకల్లో తూటా దిగినవాడు మాత్రం ఇంకా చావలేదు. శవం కిందినుంచి చెయ్యి లాక్కుని తుపాకి ఎత్తాడు. గురి గోడలాయన మీద కాదు, నడవా చివర ఉన్న జడముడి మీద. వేలు బిగుసుకుంటోంది. కంట్రోలర్ ఖాళీ.

చేతిలో మిగిలింది టేపొక్కటే. రెండు మీటర్ల స్టీలు బద్దని సర్రున లాగి, బలంకొద్దీ వాడి కళ్ళమీద కొట్టాడు. అంచు కత్తిలా కోసింది. వాడు గావుకేక పెట్టాడు. తూటా సీలింగులోకి పోయి, పెచ్చులు రాలి న్యాయమూర్తి కాగితం మీద పడ్డాయి. గోడలాయన టేపుని వాడి మెడకి రెండు చుట్లు తిప్పి, మోకాలు వీపులో నొక్కిపెట్టి, కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా లాగాడు.

హాల్లో జనం అరుస్తూ బల్లల కిందికి దూరారు. న్యాయమూర్తి ఒక్కతే లేవలేదు. వెనక్కి తిరిగి, నెత్తురోడుతున్న మనిషినీ, అతని చేతిలో ఎర్ర రిబ్బనునీ చూసింది.

"ఇంకెవరైనా ఉన్నారా నాయనా?"

"లేరండీ. మీరు కానివ్వండి."

ఆమె కాగితం మీది సున్నం దులిపి, తీర్పు మొదటి వాక్యం నుంచి చదవడం మొదలెట్టింది.

"లెవల్ 9 బగ్ మూసేశానన్నా" అని గొణుక్కుంటూ గోడలాయన గుమ్మంలో కూలబడ్డాడు.

ఐదింటికి ఇల్లు చేరాడు. చేతికి ఇరవై రెండు కుట్లు. కర్టెన్లు లేని కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ గదినిండా పరుచుకుని ఉంది.

"అయ్యో! ఏమైందండీ?"

"తలుపు తగిలింది."

"ఏ తలుపు?"

"ఎనభై సెంటీమీటర్లది."

"అంత చిన్న తలుపులో మిమ్మల్నెవరు దూరమన్నారు?" అంటూ ఆవిడ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఇంతకు మించిన పతకం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదనిపించింది. "టేపేంటి ఇలా వంకర్లు పోయింది? సరే, షాపుకెళ్ళారా?"

అప్పుడే ఫోన్ మోగింది. తెరమీద 'కర్టెన్ల షాపు'. అతను అందుకునేలోపే ఆవిడ లాక్కుంది.

"ఏమండీ షాపాయనా! నెలరోజులుగా మావారు మీతో రోజూ మాట్లాడుతూనే ఉన్నారు, ఒక్క గుడ్డముక్క రాలేదు. ఫోన్లోనే కుడతారా కర్టెన్లు? ఇంక మాటల్లేవు. రేపు పొద్దున పదింటికి మేమిద్దరం మీ షాపుకే వస్తున్నాం. అడ్రసు చెప్పండి!"

మూడు విదేశీ ప్రభుత్వాల ప్రశ్నలకి తడుముకోని చీఫ్, మొదటిసారి తడబడ్డాడు. "అడ్రసు... పంపిస్తానమ్మా" అన్నాడు.

రెండు నిమిషాలకి గోడలాయన ఫోన్‌కి సంకేత భాషలో మెసేజ్ వచ్చింది. చూపుతోనే విప్పుకుని చదివాడు.

"అత్యవసరం. రేపు ఉదయం పదింటికల్లా షాపు తెరుస్తున్నాం, కౌంటర్లో మేడం ఉంటుంది. మీ ఆవిడకి ఏ రంగు ఇష్టమో ఈలోగా రాబట్టండి."