మూడో పాయ తలుపులు

పన్నెండున్నరకు కుక్కర్ మూత మీది దీపం మూడుసార్లు వెలిగి ఆరింది. మేదిని స్టవ్ కట్టేసింది. ఆ కాలనీలో ఈల వేసే కుక్కర్లు పోయి పదేళ్లయింది. వీధిలోకి ఆకుకూరల బండి వచ్చి, కేక వేయకుండా, పచ్చదీపం వెలిగించుకుని నిలబడింది. ఎదురింటావిడ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, రెండు వేళ్లు చూపించి, రెండు కట్టల తోటకూర తీసుకుని అలాగే వెళ్లిపోయింది. కాకినాడలో మధ్యాహ్నాలన్నీ ఇప్పుడు నీళ్లలో మునిగినట్లే ఉంటాయి. ప్రతి రెండిళ్లకూ ఒక ఇంట్లో ఎవరో ఒకరు మరొకరి కోసం నిద్రపోతుంటారు.

మేదిని కోసం నిద్రపోతున్నది ఆమె అత్తగారు సత్యవేణి.

పక్కగదిలో, వట్టివేళ్ల తెర వేసిన కిటికీ కింద, ఆవిడ చెంపకింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. నుదుటి మీద వేలెడు వెడల్పున కునుకుపట్టీ. అలాంటిదే మేదిని మెడ వెనుక, జడ కింద ఒకటి ఉంది. ఒకరి అలసటను మరొకరిలోకి పంపడం ఈ పట్టీల పని. మేదిని ఒళ్లు బడలినప్పుడల్లా ఆ బడలిక వెళ్లి సత్యవేణి రెప్పల మీద వాలుతుంది. ఆవిడ నిద్ర తీరితే మేదినికి కొత్తగా తెల్లవారినట్లుంటుంది. ప్రభుత్వం కాగితాల్లో దీని పేరు ప్రతినిద్ర. ఇళ్లలో మాత్రం "మా పడుకునేవాళ్లు" అనుకుంటారు. అలసట తప్ప మరేదీ దాటదని పట్టీ పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది.

మేదిని నిద్రపోయి అయిదేళ్లయింది. విశ్వవిద్యాలయాల ఉద్యోగ దరఖాస్తులో పద్నాలుగో గడి ఒకటుంది: ప్రతినిద్ర గంటలు. ఆ గడి ఖాళీగా ఉంటే రెండో పేజీ ఎవరూ తిప్పరు. ఇరవై రెండు గంటలు పనిచేసేవాళ్లు వరసలో ఉండగా పదిహేను గంటల మనిషితో ఎవరికి పని? మేదిని తన గడిలో పన్నెండు వేల ఏడువందలని రాసింది. అవి ఎవరు పడుకున్న గంటలో రాయడానికి గడి లేదు.

పరిశోధన పట్టా చేతికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె రెండు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, మిగతా పొద్దంతా కోరింగ మడ అడవిలో బురద తొక్కుతోంది. ఎనిమిది ఇంటర్వ్యూలు అయ్యాయి. తొమ్మిదోది ఈరోజు మూడింటికి, తీర విజ్ఞాన పీఠంలో. దరఖాస్తుకు వయసు ముప్పై అయిదు దాటకూడదు. వచ్చే నెలతో ఆమెకు దాటుతుంది.

"అమ్మాయ్!" లోపలినుంచి సత్యవేణి పిలిచింది. "అయిపోయిందా ఏవిటి ఇంటర్వ్యూ?"

"లేదత్తయ్యా, మూడింటికి. కాఫీ ఇవ్వనా?"

"ఇయ్యి. నోరంతా ఉప్పగా ఉంది."

నిద్ర లేచి కాఫీ తాగుతూ కల చెప్పడం ఆవిడకు అలవాటు. మేదినికి చేతిపని ఆపకుండా ఊ కొట్టడం అలవాటు.

"మళ్లీ అక్కడికే వెళ్లాను. మోకాళ్ల దాకా బురద. నావి కావు ఆ కాళ్లు, సన్నగా ఉన్నాయి. వేళ్లకు మెట్టెల్లేవు." ఆవిడ గ్లాసు దించింది. "మెట్టెలు తీసేసి దిగుతావా ఏవిటే బురదలోకి?"

మేదిని కూర తరగడం ఆపింది. "జారిపోతాయని అత్తయ్యా."

"చెబితే నేనేమన్నా అంటానా? సరే విను. అయిదో పాయలో పీతలు పాపం తలుపులేసుకుందామని చూస్తున్నాయి. మట్టి నిలిస్తేనా! అంతా ఇసక. గారెల పిండి పల్చనైతే చిల్లు నిలుస్తుందా? అలాగ. ఇంత ముద్ద తెచ్చి పెడుతుంది, ఇలా కారిపోతుంది. మళ్లీ పెడుతుంది. చూడలేకపోయాననుకో."

మేదిని మళ్లీ కూర తరగసాగింది. రెండేళ్ల కిందట కూడా ఇలాగే, ఇదే గ్లాసుతో, ఆవిడ ఒక మాట చెప్పింది. మూడో పాయలో పీతలు సముద్రపు పోటు రాకముందే బొరియలకు మట్టితో తలుపులు వేసుకుంటాయని, అయిదో పాయలో వేసుకోవని. మడ మొక్కలు మూడో పాయలో బతికి, అయిదో పాయలో ఎందుకు చస్తున్నాయో మేదినికి అప్పటికి మూడేళ్లుగా అంతుపట్టలేదు. ఆమె ఆ రోజే వెళ్లి చూసింది. తలుపు మూసిన బొరియలో గాలి నిలుస్తుంది. ఆ గాలితోనే మొక్కల వేళ్లు బతుకుతున్నాయి. ఆమెకు పేరు తెచ్చిన వ్యాసం అదొక్కటే. తన కళ్లు ఎప్పుడో చూసి మరిచిన సంగతి తనకే గుర్తొచ్చిందనీ, అత్తగారి మాట ఒక వంక మాత్రమేననీ ఆమె అనుకుంది. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

మూడింటికి ముందుగది గోడ మసకబారి, దాని అవతల మరో గది తేలింది. మేజా వెనుక ముగ్గురు. సత్యవేణి వంటింట్లో తలుపు చాటున పీట వేసుకుని, చప్పుడవుతుందని గాజులు పైకి తోసుకుని కూర్చుంది.

మధ్యలో ఉన్న పెద్దాయన పేరు అచ్యుతరామం. వ్యాసం ఆయన చేతిలోనే ఉంది. "బాగుందమ్మా. ఒక్క సంగతి అడుగుతాను. ఈ తలుపుల ఆలోచన మీకు ఎలా తట్టింది?"

మేదిని పక్కకు చూసింది. తలుపు సందులోంచి అత్తగారి చీర అంచు కనబడుతోంది.

"నిరంతర మెలకువ వల్లనండి," అంది. "పోటు వచ్చే ప్రతి వేళా అక్కడ ఉండగలిగాను."

ముగ్గురూ తలలూపారు. వాళ్లు వినాలనుకున్నదీ అదే.

"మరి రేపు ఉద్యోగంలో చేరితే మొదట ఏం చూస్తారు?"

ఎన్నోసార్లు వల్లించిన జవాబు ఆ క్షణంలో గుర్తురాలేదు. నోటికి వచ్చింది వేరే. "అయిదో పాయ మట్టిలో ఇసక పాలు కొలుస్తానండి. పీతలకు తలుపులు వేసే తెలివి లేక కాదు, మట్టి ముద్ద కట్టక. గారెల పిండి పల్చనైతే చిల్లు నిలవదు కదండీ!"

అచ్యుతరామం పకపకా నవ్వాడు. "గారెలు బాగా వండుతారన్నమాట!"

"మా అత్తయ్య వండుతారండి."

గోడ మళ్లీ గోడ అయ్యాక సత్యవేణి వంటింట్లోంచి వచ్చింది. మేదిని తల ఎత్తలేదు.

"బాగా చెప్పావే!" అంది ఆవిడ. ముఖం వెలిగిపోతోంది. "గారెల మాట కూడా చెప్పావు. అంత పెద్దాయన నవ్వాడు చూడు!"

కోపగించుకుని ఉంటే మేదినికి తేలికగా ఉండేది.

పదో రోజున నియామక పత్రం వచ్చింది. శాశ్వత ఉద్యోగం. మేదిని భర్త వాసంతు ఓడరేవు నుంచి మిఠాయి పొట్లంతో వచ్చి, ఇల్లంతా తిరిగి, మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. అతను తన నిద్ర తనే పోతాడు. క్రేను నడిపేవాళ్లను ఎవరూ పద్నాలుగో గడి అడగరు. పత్రం రెండో పేజీలో ఒక షరతుంది. ఇంటివారి ప్రతినిద్ర చేరిన రోజు నుంచి రద్దు. పీఠం నిద్రాలయంలో జీతం మీద పడుకునేవారు నలభై మంది ఉన్నారు. వాళ్లలో రోజుకొకరిని కేటాయిస్తారు.

మేదిని ఆ షరతును కానుకలా తీసుకెళ్లి చెప్పింది. "ఇంక మీరు పగలంతా పడుకోనక్కర్లేదత్తయ్యా. గుడికెళ్లండి, పిన్నిగారింటికెళ్లండి, మీ ఇష్టం."

"మంచిదమ్మా," అంది సత్యవేణి. పక్కమీది దుప్పటి తీసి మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది.

"మరి మూడో పాయలో మొన్న నాటావే, తొమ్మిది మొక్కలు. వాటి సంగతి నాకెవరు చెబుతారు?"

"నేను చెబుతాను కదండీ."

"నువ్వు చెబితే వింటాను. చూడను కదా!"

ఆవిడ మంచం అంచున కూర్చుంది. "ముప్పై ఏళ్లు హాస్టల్లో పొద్దున్నే లేచి రెండొందల మందికి వండాను. అలిసిపోయి పడుకుంటే కలలో కూడా ఇడ్లీరేకులే కడిగేదాన్ని. మీ మామగారు పోయి ఇక్కడికొచ్చాక, నీ నిద్ర పోవడం మొదలెట్టాకే బయటికెళ్లాను తల్లీ. నీళ్లు, ఆ ఎర్రకాళ్ల పిట్టలు, పుస్తకంలో ఏదో రాసుకోవడం... అయ్యో, ముసలావిడ పడుకునే ఉంటోందని అందరూ జాలిపడతారు. నేను పడుకుంటేనే కదే తిరిగేది!"

దుప్పటిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద ముడతలు అరచేత్తో తీసింది. చాలాసేపు తీసింది.

మేదినికి అప్పుడు అర్థమైంది. పగలు చూసినవన్నీ మనిషి మనసులో బీరువా అడుగున కుక్కిన బట్టల్లా పడి ఉంటాయి. వాటిని విప్పి, దులిపి, ఏ అరలోది ఆ అరలో పెట్టేది నిద్ర. తను అయిదేళ్లుగా కుక్కి పంపిస్తోంది. అక్కడ ఒకావిడ కూర్చుని, ఒక్కొక్కటీ విప్పి, మురిసిపోయి, సర్దుతోంది. రేపటినుంచి అవి నలభై మంచాల గదిలో రోజుకొక కొత్త మనిషికి వెళతాయి. ఆ మనిషి లేచి, ముఖం కడుక్కుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోతుంది.

ఆ సాయంత్రమే ఆమె రెండు ఉత్తరాలు రాసింది. మొదటిది వ్యాసం అచ్చువేసిన పత్రికకు. తలుపులను మొదట చూసింది సత్యవేణి, వంటమనిషి, ఆవిడ పేరు నా పేరు పక్కన చేర్చండి అని. రెండోది పీఠానికి, ఇంటర్వ్యూలో తను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటూ. తను చూసినవి నలభై మంచాలకు పంచలేనని, ఇకమీదట తన నిద్ర తనే పోతానని, ఎవరి నిద్రా అక్కర్లేదని.

పీఠం గుమాస్తా మర్నాడే మాట్లాడాడు. "మేడమ్, మీరు పడుకుంటారా? మీరేనా?" అని రెండుసార్లు అడిగి, "అలాంటి గడి మా ఫారంలో లేదండి," అని బాధపడ్డాడు.

వారం తరువాత అచ్యుతరామం సంతకంతో జవాబు వచ్చింది. ఉద్యోగం శాశ్వతం కాదు, ఏడాదికి మాత్రం. జీతం సగం. నిద్రపోయేవారికి ఇంతకు మించి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. చివర ఆయన చేతిరాతతో ఒక వాక్యం ఉంది: "గారెల సంగతి ఆవిడదేనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది."

చేరడానికి ముందురోజు ఉదయం వాళ్లిద్దరూ పడవెక్కారు. మేదిని మెడ వెనుక పట్టీ లేదు, బయల్దేరే ముందే తీసేసింది. అది ఉండే చోట గాలి చల్లగా తగులుతోంది. మూడో పాయ దగ్గర ఆమె వంగి మెట్టెలు తీస్తుంటే సత్యవేణి చెయ్యి చాపింది.

"ఇటివ్వు, కొంగున కడతాను. పారేసుకుంటావు."

మేదిని బురదలో అడుగు వేయబోయింది.

"అటు కాదే, దిగబడుతుంది. ఆ వంగిన చెట్టు పక్కనుంచి రా," అంటూ ఆవిడ చీర ఎత్తి దోపుకుని ముందు నడిచింది. ఆవిడ ఆ నేల మీద కాలు పెట్టడం అదే మొదటిసారి.

తొమ్మిది మొక్కల్లో ఏడు నిలిచాయి. సత్యవేణి ఒక్కొక్క ఆకునూ వేలితో తాకి పలకరించింది. చెక్కలతో కట్టిన మంచె మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండ ఆకుల్లోంచి చిల్లులు చిల్లులుగా దిగుతోంది. మేదినికి మొదట కాళ్లు బరువెక్కాయి. తరువాత చేతులు. అయిదేళ్లుగా ఎవరికో పంపిన బరువు దారి తెలుసుకుని ఇంటికి వస్తున్నట్లుంది. భయం వేసింది.

"అత్తయ్యా, నాకు ఏదోలా ఉంది."

"ఏం లేదు, నిద్రొస్తోంది. ఇలా పడుకో."

సత్యవేణి ఆమె తల ఒళ్లోకి తీసుకుని, భుజం మీద మెల్లగా చరుస్తూ కూర్చుంది. మేదిని ఊపిరి నిదానించింది. చేతిలోంచి పుస్తకం జారితే ఆవిడ పట్టుకుంది. పెన్ను దొరికింది. హాస్టల్ సామాన్ల చీటీలు రాసిన గుండ్రటి అక్షరాలతో రాసింది: మూడో పాయ. పోటు మొదలు. కోడలు పడుకుంది.

నీరు సన్నగా, చప్పుడు లేకుండా వస్తోంది. మొదటి పీత బయటికి వచ్చి, ఇంత మట్టిముద్ద కాళ్ల మధ్య పట్టుకుని, వెనక్కి నడిచి తలుపు లాక్కుంది. తరువాత రెండోది. తరువాత ఒడ్డంతా. అన్నేళ్లుగా పరాయి కళ్లతో చూసినదాన్ని సత్యవేణి ఇప్పుడు తన కళ్లతో చూసింది. లేపి చూపిద్దామని కోడలి భుజం మీది చెయ్యి ఎత్తింది.

మూసిన రెప్పల కింద మేదిని కళ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. ఎక్కడో తిరుగుతోంది.

ఆవిడ చెయ్యి మళ్లీ మెల్లగా భుజం మీద పెట్టింది. ఇంటికెళ్లాక, కాఫీ తాగుతూ, ఈసారి ఆ పిల్లే చెబుతుంది.