తెర వెనక తెల్ల గంప

మా ఊళ్ళో మూతపడిన సినిమా హాలు వెనక సందులోకి చీకటి పడితే ఎవరూ పోరు. బస్టాండు నుంచి నేతగాళ్ళ వీధికి అదే దగ్గర దోవ. అయినా చుట్టూ తిరిగి పోతారు.

ఆ సందులో దెయ్యం కనపడదు. వినపడదు కూడా. అదే దాని చెడ్డతనం.

కర్నూలు నుంచి ఆఖరి బస్సులో వచ్చిన ఓబుళేశు ఒకసారి ఆ సందులో పడి నడిచినాడు. లారీల మీద తిరిగే మనిషి, దేనికీ బెదరడు. సగం దూరం వచ్చేసరికి రొమ్ము మీద ఎవరో అరచెయ్యి పెట్టి నెట్టినట్టయింది... ఆగింది. మళ్ళీ నెట్టింది... ఆగింది. చుట్టూ చప్పుడు లేదు — కుక్క కూడా మొరగలేదు. పక్కనున్న ఇంటి రేకుల తలుపు మాత్రం వణుకుతూ ఉంది. గాలి లేదు. ఓబుళేశు గోడ పట్టుకున్నాడు. గోడ కూడా వణుకుతూ ఉంది. ఇంటికి పోయి వాంతి చేసుకుని మూడు దినాలు లేవలేదు.

ఆ రేకుల తలుపు ఇల్లు చౌడమ్మది.

చౌడమ్మ నాకంటే పదేండ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది. మొగుడు రామలింగప్ప, తనూ ఇద్దరూ నేసేవాళ్ళే. ఒకే గదిలో పక్కపక్కన రెండు గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతూ నేస్తారు. రెండో కరోనాలో రామలింగప్ప పోయినాడు. ఆయన మగ్గం మీద సగం నేసిన చీర అట్లే ఉండిపోయింది. చౌడమ్మ దాన్ని కోయలేదు.

హాలు యజమాని రాజశేఖర్‌కు ఆ ఇల్లు కావాలి. హాలు పడగొట్టి పెండ్లి మంటపం కట్టాలని వాడి ఆలోచన. వంటశాలకు ఆ జాగా ఒక్కటే అడ్డం. మూడుసార్లు వచ్చి అడిగినాడు.

"ఇంకో వీధిలో ఇల్లు చూపిస్తా గదమ్మా. మగ్గాలు నా ట్రాక్టర్లోనే ఏసి పంపిస్తా."

"మగ్గాన్ని ఎత్తుకపోతావు నాయనా. గుంటను యాడికి ఎత్తుకపోతావు?" అన్నది చౌడమ్మ.

ఆ తర్వాతే సందుకు చెడ్డపేరు వచ్చింది. ఇంక చౌడమ్మ ఒక వారం కూడా ఉండదని వీధి వీధంతా అనుకున్నాము.

ఆమె కదల్లేదు. పైగా మొహంలో కళ వచ్చింది. పొద్దున్నే కొళాయి దగ్గర రెండు కంచాలు కడిగేది. ఎదురింటి నాగక్క ఊరుకునే రకం కాదు.

"ఏమ్మే చౌడీ, రెండు కంచాలు కడుగుతాండావు? ఎవరన్నా వస్తాండారా ఏంది?"

చౌడమ్మ నవ్వింది.

ఒక పొద్దున మా అరుగు మీద నా పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగింది.

"మా ఆయన వచ్చినాడక్కా..."

"యాడికి?"

"మగ్గం కాడికి. రాత్రి దీపం ఆర్పినాక నా గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటా. పక్క గుంటలో ఆయన తొక్కుతాంటే ఈడ నేల అదురుతాది. ముప్పై ఏండ్లు తలెత్తి చూడకుండా అట్లే గదా తెలుసుకున్యా — నేస్తాండాడా, బీడీకి లేసినాడా అని. కాళ్ళు అబద్ధం చెప్పవు."

"చూసినావా?"

"చూస్తే పోతాడేమోనని భయం... ఎవరికీ చెప్పొద్దక్కా. నా మీద ఒట్టు."

ఒట్టు వేసినాను.

నాకు మరుపు ఎక్కువైంది. పొయ్యి మీద పాలు పెట్టి పుస్తకం పట్టుకుంటే పాలు గుర్తుండవు. కార్తీకంలో యేసుప్రసాద్ మా ఇంటికి నీళ్ళ మోటారు బాగు చేయడానికి వచ్చినాడు. ఒకప్పుడు హాల్లో సినిమా ఆడించింది వాడే, ఇప్పుడూ రాజశేఖర్ దగ్గరే పని. "అంత దెయ్యం తిరుగుతాంటే ఆ చౌడమ్మకు భయం లేదా పెద్దమ్మా?" అన్నాడు. నేను నవ్వుతూ అంతా చెప్పేసినాను. వేసిన ఒట్టు, వాడు వీధి మలుపు తిరిగినాక గుర్తొచ్చింది.

తర్వాత జరిగింది యేసుప్రసాదే చెప్పినాడు. రెండేండ్లు కడుపులో దాచుకుని, మొన్న వచ్చి చెప్పినాడు.

హాల్లో తెర వెనక ఒక స్పీకరు ఉండింది. రాజశేఖర్ తండ్రి ఎప్పుడో, భూకంపం వచ్చే సినిమా ఒకటి ఆడించడానికి మద్రాసు నుంచి తెప్పించినాడంట. ముప్పై అంగుళాల వెడల్పు, పెండ్లిలో అన్నం వార్చే గంపంత. ముందరి గిన్నె అన్నిట్లో ఉన్నట్టు కాగితంది కాదు. థర్మోకోల్ మాదిరి తెల్లటి, మందపాటి బెండు. పెట్టెతో సహా కదపాలంటే నలుగురు కావాలి. దాన్ని రాజశేఖర్ చౌడమ్మ గోడకు మొహం చేసి పెట్టించినాడు.

"పాట రాదు పెద్దమ్మా దాంట్లో. శానా లోతు మోత. చెవికి అందదు, కడుపుకు అందుతాది. మనిషి అడుగులేసినట్టు ఆపి ఆపి పెట్టమన్యాడు..."

నేను చెప్పిన మాట వాడు ఆ రోజే యజమానికి మోసినాడు. రాజశేఖర్ పగలబడి నవ్వినాడంట.

"తరమడానికి దెయ్యాన్ని తోలితే, ఆమె దాంతో కాపురం పెట్టినాది గదరా!"

ఆ రాత్రే రాజశేఖర్ పోయి చౌడమ్మ తలుపు తట్టినాడు.

"అమ్మా... మీ ఆయన మా హాల్లో ఉండాడు. నిన్ను పిలుస్తాండాడు."

ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు. కానీ తల దువ్వుకుని వచ్చింది, అన్నాడు యేసుప్రసాద్. ఆ మాట చెప్పేటప్పుడు వాడు నా మొహం చూడలేదు.

తెర వెనక చీకటి. రాజశేఖర్ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించి, ఆ తెల్ల గంప మీద ఆనించినాడు.

"స్విచ్చి ఏయ్‌రా."

యేసుప్రసాద్ స్విచ్చి వేసినాడు. ఆమె అరచెయ్యి కింద అది ముందుకొచ్చింది... వెనక్కి పోయింది... ముందుకొచ్చింది...

"వచ్చినావా..." అన్నదంట, మెల్లగా.

అప్పుడు రాజశేఖర్ టార్చి వేసినాడు.

"చూడమ్మా నీ మొగుణ్ణి. ఆగమంటే ఆగుతాడు." ఆపించినాడు. "నెయ్యమంటే నేస్తాడు." మళ్ళీ వేయించినాడు. అట్లా నాలుగుసార్లు.

చౌడమ్మ ఏడవలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. రాజశేఖర్‌ను కాదు, యేసుప్రసాద్‌ను అడిగింది.

"అన్ని దినాలూ ఇదేనా నాయనా?"

వాడు తల ఊపినాడు.

పొద్దున్నే కాగితాల మీద సంతకం పెట్టింది. రామలింగప్ప నేసిన సగం చీరను తనే కోసి, మగ్గం దించింది. కడపలో చెల్లెలు గురమ్మ ఇంటికి పోయింది. గుంటలు రెండూ కాంక్రీటు పోసి పూడ్చేసినారు.

ఇదంతా విని, "అది ఎప్పుడు పెట్టినార్రా?" అన్నాను. ఏదో ఒకటి అడగాలని అడిగినాను.

"దాని కాయిల్ కాలిపోయింటే హైదరాబాదులో చుట్టించుకొచ్చినా పెద్దమ్మా. వినాయకుణ్ణి నీళ్ళలో వేసిన మర్నాడు మొదటిసారి ఆడించినాం. అంతకుముందు పదేండ్లు అది మూగదే."

వాడు పోయినాక దీపం పెట్టబోయి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయినాను.

అంతవరకు నాకు ఈ కథ ఇదే వరసలో గుర్తుంది — మొదట సందుకు చెడ్డపేరు, తర్వాత చౌడమ్మ నా చెవిలో చెప్పిన మాట. ఆ వరస తప్పు. ఆమె ఆ మాట చెప్పిన పొద్దున నా ఒళ్ళో చాట ఉండింది. చాటలో వేపపువ్వు. ఉగాది పచ్చడికి ఇద్దరం కలిసి పుల్లలు ఏరుతూ ఉన్నాము.

ఉగాది... వినాయక చవితికి ఐదు నెలల ముందు.

ఆ ఐదు నెలలు, పక్క గుంటలో తొక్కింది ఎవరు?

వెంటనే కడపకు ఫోన్ చేసినాను. గురమ్మ ఎత్తింది. "ఏం చెప్పేది అక్కా, మంచం మీంచి కాళ్ళు కిందికి వేలాడేసి తెల్లారిందాకా కూర్చుంటాది," అంటూ ఫోన్ చౌడమ్మ చేతికి ఇచ్చింది.

"చౌడమ్మా... అది స్పీకరు కాదే. స్పీకరు రాకముందే నువ్వు నాకు చెప్పినావు. వేపపువ్వు ఏరుతాంటిమి. అది రామలింగప్పే."



"ఆయన పోయినాక నాకు దినాల లెక్కే లేదక్కా. నీకేమో పొద్దున తిన్నది మాపటికి గుర్తుండదు," అన్నది. గొంతులో కోపం లేదు. "రాజశేఖర్ గూడా ఉండాడా నీ పక్కన? నవ్వమను."

పెట్టేసింది.