సుగుణమ్మ వెయ్యని ఓటు

"నా ఓటు ఎవరేసిన్రు బిడ్డా?... నేను ఇప్పుడే గద వచ్చిన!"

అడిగింది సుగుణమ్మ. వనపర్తి ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర, కంపెనీ వార్షిక సమావేశానికి వచ్చేవాళ్ల పేర్లు చూస్తున్న అమ్మాయి మెల్లగా చెప్పింది.

"నిన్ననే ఫోన్‌లో పడిందమ్మా. మిల్లు మూసెయ్యడానికి సరే అని! ఒకసారి వేస్తే మార్చడానికి ఉండదు. మీరు లోపల కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు... అంతే."

నిన్న పొద్దున కొడుకు నిరంజన్ "అమ్మా, ఫోన్ జర ఇయ్యి, నంబరొకటి వస్తది" అని తీసుకున్న సంగతి గుర్తొచ్చి ఆ తల్లి గుండె చెరువైంది. ఈ పల్లీనూనె కంపెనీకే హైదరాబాద్ ఆఫీసులో వాడు మేనేజరు. పాత పనివాళ్ల ఇళ్ల నుంచి ఓట్లు వేయించే బాధ్యత వాడిదే. అడిగితే అమ్మ కాదంటుందని తెలిసే కదా అడగలేదు!...

ఎప్పుడో కంపెనీ జనానికి షేర్లు అమ్మినప్పుడు, మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసే ఆమె భర్త వెంకట్రాములుకూ కొన్ని వచ్చాయి. భార్య పేరునే తీసుకున్నాడాయన; ఈ ఓటు ఆ షేర్లదే. "నువ్వు గూడ గీ మిల్లుకు యజమానివే సుగుణా!" అని ఎంత నవ్వాడో! ఆ రోజులే వేరు... ఆమె, తోటి కూలి మెహరున్నిసా మిల్లులో పక్కపక్కనే కూర్చుని పల్లీలు ఏరేవాళ్లు. చంటివాడు నిరంజన్ గోనెసంచుల మీద నిద్రపోయేవాడు. లేచి ఏడిస్తే, ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లే ఎత్తుకునేవాళ్లు. ఆ వెచ్చని నూనె వాసన తలంటుకున్నా జుట్టులోంచి పోయేది కాదు! ఇప్పుడు ఆయనా లేడు... రేపటి నుంచి ఆ మిల్లూ ఉండదా?

లోపల మాట్లాడమని ఆమె పేరు పిలిచారు. వేదిక పక్కన ఫైళ్లతో నిలబడ్డ నిరంజన్ ముఖం పాలిపోయింది. ఆమె ఒక్క మాట అంటే చాలు... వాడి ఉద్యోగం పోతుంది! సుగుణమ్మ కొడుకు వైపు చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నా ఓటు పడ్డదంట సారూ. దాని ముచ్చట వద్దు. గానీ గీ మిల్లుల మేం నవ్వినం, ఏడ్సినం. మా మెహరున్నిసాకు నొప్పులొస్తే మిల్లు లారీలనే దవాఖానకు తీస్కపోయిన్రు. మూసేటోళ్లకు గివన్ని తెల్వాలె గద!"

"అమ్మా!..." నిరంజన్ పరుగున మైకు దగ్గరికి వచ్చాడు. "సార్, ఆ ఓటు మా అమ్మది కాదు! అడగకుండ నేనేసిన. తప్పు నాదే!"

ఓట్లు లెక్కపెట్టే అధికారి ఆ ఓటును పక్కన పెట్టించాడు. అయినా తీర్మానం నెగ్గింది. ఎక్కువ షేర్లున్నవాళ్లంతా అటువైపే! నిరంజన్‌ను మాత్రం, విచారణ అయ్యేదాకా ఆఫీసుకు రావద్దన్నారు.

"ఎందుకు చెప్పినవ్ కొడుకా? నేను దాస్తుంటి గద!" బయటికొచ్చాక ఏడ్చేసింది సుగుణమ్మ.

"నువ్వు దాస్తుంటే చూడలేకపోయిన అమ్మా... నన్ను మాఫ్ చెయ్యి. మిల్లు ఒక్కసారి చూపిస్తవా? నాకేం యాదికి లేదు."

తల్లి వాడి చెయ్యి పట్టుకుని నడిచింది. మిల్లు ఆవరణలో ఆమె చెబుతూనే ఉంది... వాడు వింటూనే ఉన్నాడు. మధ్యలో పాత బాయిలర్ దగ్గర ఆగి, "గప్పుడు నాయిన ఏమన్నడమ్మా?" అని అడిగాడు.

వెంకట్రాములు పోయిన తర్వాత ఆయన మాటలు ఆమెను అడిగినవాళ్లే లేరు!... సుగుణమ్మ కన్నీళ్లతోనే నవ్వి, చెప్పసాగింది.