తేనెబండ గుహలో శాసనం

గాజులకొండ కోట ద్వారబంధం మీద నాచు గీకగానే సుభాషిణికి ఒక వాక్యం కనిపించింది: ‘కోట శాసనం తేనెబండ గుహలో ఉంది.’ పదేళ్లుగా యాత్రికులకు ఆ కోటను చూపిస్తున్న మనిషి ఆమె. మర్నాడు ఉదయం కొండను తనిఖీ చెయ్యడానికి అధికారి వస్తాడు. అది కోటేనని రుజువు చూపకపోతే కొండ మొత్తం గ్రానైటు క్వారీకి పోతుంది. నాలుగు వందల ఏళ్ల బురుజులు క్వారీ మేనేజరు దామోదరానికి వట్టి రాళ్లగుట్టట. ఆ కళ్లు పాడుగాను.

తేనెబండ అంటే బురుజు కింద నిట్టనిలువుగా దిగిన కొండచరియ. అక్కడి గుహలోకి దిగడానికి చెంచు లింగన్న నడుముకు తాడు కట్టుకున్నాడు. పైన తాడు పట్టుకోవలసింది అతని బావమరిది గురవయ్య. తేనె తీసేవాళ్ల కట్టుబాటు అది. తాడు వదిలితే తాళి తెగేది తన తోబుట్టువుదే కనుక బావమరిది వదలడు. చిక్కల్లా ఒక్కటే. ఏదో మేకపోతు తగాదాతో వాళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు.

“సరిగా పట్టుకోమని చెప్పమ్మా,” అన్నాడు లింగన్న సుభాషిణితో.

“నోరు మూసుకోని దిగమని చెప్పమ్మా,” అన్నాడు గురవయ్య.

లింగన్న వేలాడే తేనెపట్టులను తప్పించుకుంటూ దిగి, గుహలో దూరాడు. అంతలో దామోదరం నలుగురు మనుషులతో బురుజెక్కాడు. ఒకడి చేతిలో కొడవలి ఉంది.

“తాడు వదిలెయ్ గురవయ్యా. ఎట్లాగూ మీకిద్దరికీ పడదుగా. రేపట్నుంచి క్వారీలో పని నీకే.”

గురవయ్య తాడును తన నడుముకు రెండు చుట్లు చుట్టి, పిట్టగోడకు కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాడు.

“బావతో నాకు పడదు, నిజమే. మా అక్క పుస్తెలు ఈ తాడు చివర ఉండాయి. కోస్తే ముందు నన్ను కొయ్యి.”

“అంతకన్నా ముందు నన్ను,” అంటూ సుభాషిణి కొడవలికి అడ్డంగా నిలబడింది.

దామోదరానికి ఒళ్లు మండింది. లోపలివాణ్ణి బెదరగొడదామని ఒక బండరాయిని కిందికి దొర్లించాడు. అది తిన్నగా పోయి పెద్ద తేనెపట్టుకు తగిలింది. చెంచుపెంట గూడెంలో పసిబిడ్డ కూడా చెయ్యని పని అది. తేనెటీగలు రొదపెడుతూ బురుజు మీదికి ఎగిసి వచ్చాయి. కొడవలి, చెప్పులు అక్కడే వదిలేసి క్వారీ మనుషులు కాలికి బుద్ధి చెప్పారు. సుభాషిణి పైట కొంగు విప్పి తననూ గురవయ్యనూ కప్పింది. అది ఏ మూలకు చాలుతుంది? ఈగలు అతని మొహమంతా కుట్టాయి. గురవయ్య చెయ్యెత్తి ఒక్కదాన్నీ తోలలేదు. చెయ్యెత్తితే తాడు జారుతుంది.

ఈగలు సద్దుమణిగాక లింగన్న పైకొచ్చాడు. శాసనం ఫొటోలు ఫోనులో చూపించాడు. పక్కనే రెండు కుండల నిండా బంగారు నాణేలు ఉన్నాయన్నాడు.

“మరి తేలేదేం?” అంది సుభాషిణి.

“కొండ నిలబడితే అవీ ఉంటాయమ్మా. కొండే పోయినాక వాటితో ఏం కొంటాం, ఇంకో కొండనా?”

అని బావమరిది పక్కన చతికిలబడి, మొహంలో దిగిన ముళ్లు గోళ్లతో ఒక్కొక్కటే తియ్యసాగాడు. లింగన్నకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మర్నాడు అధికారి కోట వాకిట్లో నిలబడి ఫొటోలు చూశాడు. దామోదరం వాచిన పెదవితో జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు రెండూ మూసుకుపోయిన గురవయ్య, ఏం రాసుందమ్మా అని అడిగాడు.

సుభాషిణి చదివింది. “ఈ కోటను కాచిన చెంచులకు ఈ కొండ ఆచంద్రార్కం చెల్లుతుంది.”

అధికారి క్వారీ కాగితాన్ని సంతకం పెట్టకుండానే మడిచి సంచిలో పెట్టేశాడు.

జీపు ఏ పక్కనుందో గురవయ్య బావను అడిగి తెలుసుకున్నాడు. మొహం అటు తిప్పాడు.

“ఇంకోసారి చదువమ్మా. గట్టిగా.”